లిస్టులో ‘ఇల్లు’ అనే గడి

మా డ్రిల్లు టీచరు గారు పోయారని ఫోను వచ్చేసరికి నేను కాకినాడలో, ఆఫీసులో, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతున్నాను. చేసింది స్కూల్లో నాకంటే రెండు తరగతులు కిందున్న అమ్మాయి. "అక్కా, టీచరు గారు పోయేరండి. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూచున్నారంట, అంతేనంట" అంది. ఎప్పుడు తీస్తారని అడిగాను. సాయంత్రమే అంది. క్యారేజీ మూత మళ్ళీ పెట్టేశాను.

వెంటనే ఏడవలేదు. ఉన్నమాట చెప్పేస్తాను, ఈ నాలుగు మాటలు రాస్తున్నదే అందుకు. నాకు మొట్టమొదట కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఒక సంగతి ఆవిడతో పాటే వెళ్ళిపోయిందనిపించింది. ఆ తరవాత కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి గానీ, అవి ఆవిడ కోసమో నా మీద నాకు పుట్టిన రోతతోనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా ఊరు రాజోలుకీ అంతర్వేదికీ మధ్య ఉంటుంది. ఆవిడ మా హైస్కూలుకి వచ్చేనాటికి నేను ఏడో తరగతి. అప్పటిదాకా మా ఆడపిల్లలకు ఆటల పీరియడంటే వరండాలో కూచుని చింతగింజలు ఆడుకోవడమే. ఆవిడ నేతచీర కొంగు బొడ్లో దోపి, చీర కింద తెల్ల క్యాన్వాసు బూట్లు వేసుకుని, మెళ్ళో ఊదారంగు దారానికి ఈల కట్టుకుని వచ్చారు. కిళ్ళీకొట్టు దగ్గర మగాళ్ళు ఆ బూట్లు చూసి ఒక వారం నవ్వారు. ఆవిడ ఎనిమిదో రోజున వాళ్ళ దగ్గరికే వెళ్ళి, "గ్రౌండులో తుమ్మముళ్ళు ఏరాలండి, ఓ నలుగురు రండి" అన్నారు. నవ్వినవాళ్ళే వెళ్ళి ఏరారు. ఆ వారంలోనే సున్నంతో గీతలు పడ్డాయి. మా కబడ్డీ అలా మొదలైంది.

ఆవిడ మమ్మల్ని కొట్టింది లేదు, పొగిడిందీ లేదు. బాగా ఆడితే "ఊఁ" అనేవారు. కూతకు వెళ్ళిన పిల్ల అవతలి కోర్టులో ఊపిరంతా వదిలేసుకుని దొరికిపోతే మాత్రం ఒళ్ళు మండేది ఆవిడకి. "గీత ముట్టుకోడానికి గుక్కెడు దాచుకోవే! అంతా అక్కడే ఖర్చు పెట్టేస్తే తిరిగెలా వస్తావే?" అని గ్రౌండు అవతలికి వినపడేలా అరిచేవారు. చేప పొడ గిట్టదావిడకి. యానాంలో హోటలుకి తీసుకెళ్తే మేం చేపల పులుసు జుర్రుకుంటుంటే ఆవిడ బయట బల్ల మీద కూచుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మజ్జిగ తాగేవారు. "కానియ్యండే, బస్సు పోతుంది" అనడానికి మాత్రం కొంగు కాస్త దించేవారు. దాని మీద మేం చేసిన వెక్కిరింపులు అన్నీ ఇన్నీ కావు.

ఇప్పుడు లిస్టు సంగతి చెప్పాలి. మా వైపు పిల్లలకి అదే గుమ్మం.

కాకినాడలో ఒక కాలేజీ కబడ్డీ జట్టు కోసం ప్రతి ఏడూ మా వైపు నుంచి ముగ్గురు ఆడపిల్లల్ని తీసుకునేది. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, ఇంటరు నుంచి డిగ్రీ దాకా. ఆ ముగ్గురు ఎవరన్నది ఆ కాలేజీ మేడం మా టీచరు గారి లిస్టు చూసే ఖాయం చేసేది. చుట్టుపక్కల నాలుగైదు స్కూళ్ళ పిల్లల ఆట ఆవిడ ఏడాది పొడుగునా చూసి, పొడుగు నోటుబుక్కులో స్కేలుతో గళ్ళు గీసి, ఎర్ర నీలం పెన్సిలుతో రాసేవారు. పేరు, ఊరు, ఎత్తు, కూత, పట్టు, వరసగా. మార్కులూ ర్యాంకులూ ఎర్ర కొసతో. చిట్టచివర ఒక గడి ఉండేది. దాని పేరు ‘ఇల్లు’. అందులో నీలం కొసతో టిక్కు గాని ఇంటూ మార్కు గాని పెట్టేవారు.

ఇల్లు అంటే ఆ పిల్లని ఇంట్లోవాళ్ళు పంపుతారా, పంపరా అని. ఆ గడి మొదట్లో లేదట. అంతకుముందెప్పుడో ఆవిడ ఒకటో ర్యాంకు రాసిన పిల్లని తీరా చేరాల్సిన రోజున వాళ్ళ నాన్న పంపనన్నాడు. ఆ సీటు ఎవరికీ కాకుండా పోయింది. కాలేజీ మేడం కోపమొచ్చి రెండేళ్ళు మా వైపు తొంగి చూడలేదు. రెండేళ్ళంటే ఆరుగురు పిల్లలు. అందుకని ఆవిడ ఆ గడి గీశారు. ఇంటూ పడితే ఎంత బాగా ఆడినా పేరు మొదటి మూడు ర్యాంకుల కిందికి దిగిపోయేది.

లిస్టు మాకు చూపించేవారు కాదు. మేం మాత్రం ఆవిడ ఎవరిచేత సంచీ మోయించుకుంటే వాళ్ళదే ఒకటో ర్యాంకని శకునాలు చూసుకునేవాళ్ళం. పదో తరగతిలో ఆ సంచీ ఎప్పుడూ నరసమ్మ భుజానే ఉండేది.

నరసమ్మది అంతర్వేది వైపు పల్లెపాలెం. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. అది ఇసక దారిలో డొక్కు సైకిలు తొక్కుకుంటూ స్కూలుకి వచ్చేది. కూతకు వెళ్ళిందంటే గొంతు వణికేది కాదు, అవతలి ఏడుగురూ వెనక్కి వెనక్కి పోయేవారు. నేను మూలన నిలబడి కాలు పట్టేదాన్ని. పట్టు నాకు వచ్చు, కాదనను. కానీ నా ఆట నాకు తెలుసు, దాని ఆట కూడా తెలుసు. లిస్టులోకి ఎక్కేలా ఉన్న మిగతా ఇద్దరు పక్క స్కూళ్ళ పిల్లలు, నాకంటే పొడగరులు. ఎలా లెక్క వేసుకున్నా నాది నాలుగో చోటే.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆయన జీతానికి ఒక్కరే కాలేజీకి వెళ్ళగలరు. ఆ ఒక్కరు మా అన్నయ్య. "నీకు ఆటల మీద సీటొస్తే వెళ్ళమ్మా, లేకపోతే అక్కతో కలిసి కుట్టుమిషను నేర్చుకో" అన్నారు. కోపంతో కాదు, ఎంతో నెమ్మదిగా అన్నారు. నాకు కుట్టుమిషను చప్పుడు వింటే ఏడుపొచ్చేది.

ఆ ఏడు జిల్లా ఆటలకి కాకినాడ వెళ్ళాం. వెళ్ళేముందు టీచరు గారిచ్చిన కాగితం మీద సంతకం పెట్టించుకోడానికి నరసమ్మతో వాళ్ళింటికి నేనూ వెళ్ళాను. వాళ్ళ నాన్న వేలిముద్ర వేసి, "మా యమ్మ ఎంతదాకా సదువుతానంటే అంతదాకా పంపుతానమ్మా. కాకినాడ గాదు, ఇశాపట్నమైనా పంపుతాను" అన్నాడు. నాతోనే అన్నాడు. గుమ్మంలో నిలబడి విన్నాను.

అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. ఆటలయ్యాక యానాం వైపు నుంచి పంటు ఎక్కి గోదావరి దాటాలి. పంటు కదిలేముందు టీచరు గారు ఈలతో తల తలా తాకుతూ మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. మధ్యాహ్నం ఎండ. నరసమ్మ ఆ చివర రెయిలింగు దగ్గర నీళ్ళు చూస్తూ నిలబడింది. టీచరు గారు సంచీలోంచి నోటుబుక్కు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని నన్ను పక్కకి పిలిచారు.

"ఏమ్మా, నువ్వు వాళ్ళింటికి వెళ్ళేవు కదా. నరసమ్మని పంపుతారంటావా?"

చేతిలో పెన్సిలు ఉంది. నీలం కొస కిందికి ఉంది. నేను నీళ్ళ వంక చూసి, "పంపరేమోనండి" అన్నాను.

"అలా అన్నారా?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ నిట్టూర్చారు. "ఎంత ఆటే దానిది" అన్నారు, నాతో కాదు. పంటు ఇంజను మోతలో ఆ మాట సగమే వినపడింది. ఆవిడ ఇంటూ పెట్టడం నేను చూడలేదు, తల తిప్పుకున్నాను.

పబ్లిక్ పరీక్షలు అయ్యాక కాలేజీ మేడం వచ్చి ముగ్గురి పేర్లు చదివింది. మూడో పేరు నాది. నరసమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. సంతోషం దాని మొహంలో ఉంది, దాని వెనక అర్థం కాకపోవడమూ ఉంది. "నాదెందుకు లేదే?" అంది. "ఏమోనే" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ మరిచిపోలేదు.

కాకినాడ వెళ్ళాను. చదివాను, ఆడాను, యూనివర్సిటీ జట్టులో రెండేళ్ళు ఉన్నాను. క్రీడల కోటాలో ఉద్యోగం వచ్చింది. ఫ్యాను కింద కుర్చీ. ఎవరైనా ‘మీ పైకొచ్చిన కథ చెప్పండి’ అంటే మా టీచరు గారి గురించి గొప్పగా చెప్పేదాన్ని. పంటు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేసేదాన్ని.

ఆవిడ రిటైరై మా ఊళ్ళోనే మేనకోడలు దగ్గర ఉండిపోయారు. ఊరికి వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేదాన్ని. ఒకసారి వేసవిలో పనసకాయ కోస్తున్నారు, చేతులకి నూనె రాసుకుని. నేను పక్కన పీట మీద కూచుని, ఇవాళ చెప్పేద్దామని, "టీచరు గారండీ, అప్పట్లో ఒకటి..." అని ఆగిపోయాను. ఆవిడ తొన తీసి నా చేతిలో పెట్టి, "కూత పెట్టి మధ్యలో ఆపకూడదే. చెప్పు" అన్నారు. నేను మా ఆఫీసులో బదిలీల గోలేదో చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. విని "ఊఁ" అన్నారు. నా ఆట బాగున్నప్పుడు అన్న ఊఁ కాదది.

పోయిన రోజున నేను వెళ్ళలేకపోయాను. వెళ్ళలేకపోవడం కాదు, వెళ్ళలేదు. పదో రోజున స్కూల్లో సంతాప సభ పెడితే వెళ్ళాను. ఇప్పుడు వంతెన మీదుగా బస్సు నిమిషాల్లో దాటేస్తుంది, ఎవరూ ఎవరి తలా లెక్కపెట్టరు. సభలో వక్తలు ఆవిడని క్రీడాజ్యోతి అన్నారు, మణిదీపం అన్నారు. ఒకాయన ఆవిడ ఎన్నడూ ఎరగని షటిల్ గురించి పది నిమిషాలు చెప్పాడు. నాకు విసుగొచ్చి బయటికి వచ్చేశాను. ఆవిడ మేనకోడలు నా వెనకే వచ్చి, పాత నోటుబుక్కులు రెండు చేతిలో పెట్టింది. "లిస్టులండి. మీ బ్యాచీవి కూడా ఉన్నాయి. మీ దగ్గరైతే బాగుంటాయని" అంది.

వరండా మెట్ల మీద కూచుని మా ఏడు పేజీ తీశాను. ర్యాంకులు కొట్టేసి మళ్ళీ వేసి ఉన్నాయి. నరసమ్మ పేరు పక్కన కూత గడిలో ఆ పేజీలోకెల్లా పెద్ద మార్కు, ఇల్లు గడిలో నీలం ఇంటూ. ఆ ఇంటూ పక్కన, తరవాతెప్పుడో రాసినట్టు, ఎర్రటి అక్షరాలు: ‘తప్పు నాది. ఎవరినీ అడగలేదు.’

ఎవరినీ అడగలేదట. నన్ను అడిగారు. పంటు మీద, ఎండలో, పక్కన కూచోబెట్టుకుని అడిగారు. నా పేరు రాకుండా ఆవిడ తన సొంత నోటుబుక్కులో కూడా అబద్ధం రాసుకున్నారు. ఆ తరవాతి ఏళ్ళ పేజీలు తిప్పాను. ఇల్లు గడిలో టిక్కులు లేవు, ఇంటూలు లేవు. ‘వెళ్ళేను. తల్లి సరేనంది.’ ‘వెళ్ళేను. ఒప్పుకోలేదు. మళ్ళీ వెళ్ళాలి.’ ‘మూడోసారి వెళ్ళేను. పంపుతారు.’ రిటైరయ్యేదాకా ఆవిడ ఏ పిల్ల గురించీ ఇంకో పిల్లని అడగలేదు.

తల ఎత్తేసరికి గేటు దగ్గర నరసమ్మ నిలబడి ఉంది. లావయింది. చెవి పక్కన జుట్టు నెరిసింది. మా సంతలో చేపలమ్ముతుందని నాకు తెలుసు, అందుకే ఎప్పుడూ గురువారాలు ఊరికి వెళ్ళేదాన్ని కాదు.

"నువ్వు తెల్లబడ్డావే" అంది.

"లోపలికి రాకపోయావా?"

"ఏ మొహంతో వస్తానే? ఇక్కడిదాకా రావడమే ఎక్కువ." మెట్టు మీద నా పక్కన కూచుంది. తనే చెప్పింది. "మీరు కాకినాడ ఎళ్ళిపోయిన నెల్లాళ్ళకి, మా నాన్న పంపుదామనే ఉన్నాడని ఎవరో చెప్పేరంట, టీచరు గారు మా ఇంటికొచ్చేరు. మా నాన్న వల బాగుసేసుకుంటన్నాడు. ఆ ఇసకలోనే కూలబడిపోయేరు. ‘తప్పు నాదండి, మీరు పంపరనుకుని పిల్ల పేరు కిందికి దింపేసేను, వొచ్చే ఏడు నా చేత్తో తీసుకెళ్ళి చేరుస్తాను’ అన్నారు. మా నాన్న ఏమీ అనలేదు. నేనన్నాను. పల్లెపాలెం పిల్లలంటే మీకు అంత లోకువా అన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. మీ లిస్టూ వొద్దు, మీరూ వొద్దు, మా గుమ్మం తొక్కొద్దన్నాను."

"ఆవిడేమన్నారు?"

"ఏమంటారు? ఎళ్ళిపోయేరు. మరి ఊరుకున్నారా? నేను గంప ఎత్తిన కాణ్ణుంచీ ప్రతి సంతకీ వొచ్చేవోరు. సంచీ తెరిచి పట్టుకుని, ‘ఏమ్మా నరసమ్మా’ అనేవోరు. తూచి సంచీలో పడేసేదాన్ని. తలెత్తేదాన్ని గాదు. ఒక్క మాట ఆడలేదే ఇన్నేళ్ళూ."

"ఆవిడ చేప తినరు కదే."

"తినరని నాకు తెలీదా? అందుకే ఇంకా మండేది. నా మీద జాలిపడి కొంటన్నారనుకునేదాన్ని. కొని ఎవరికిచ్చేవోరో." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆఖరి సంతకి కూడా వొచ్చేరు. ఆయాసపడతన్నారు. ఎలా ఉన్నారండీ అని నోటిదాకా వొచ్చింది. అనలేదు."

ఇంక దాచుకోడానికి నా దగ్గర ఊపిరి లేదు. చెప్పేశాను. ఆవిడ తనంతట తను అనుకోలేదే, నన్నడిగారు, నేనే పంపరన్నాను అని. ఇంటి గుమ్మంలో మీ నాన్న మాట విని కూడా అలా అన్నానని, సీటు కోసం అన్నానని చెప్పాను. నోటుబుక్కు తెరిచి ఎర్రక్షరాలు చూపించాను.

నరసమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. తన్నినా తిట్టినా పడడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అది నా మొహంలోకి చూసింది.

"నా సీటు తీసుకున్నావు, పోనీలే అనుకుందును. పదిహేనేళ్ళ పిల్లవి" అంది. "ఆ మాలచ్చిమిని నాచేత అన్ని మాటలెందుకు అనిపించేవే? ఆవిడ బతికుండగా ఒక్కసారి చెప్పకపోయేవా? ఆఖరి సంతలో అయినా తలెత్తి చూసుకుందును గదే."

అది లేచి, చీరకంటిన ఇసక దులుపుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

తరవాతి గురువారం సెలవు పెట్టి సంతకి వెళ్ళాను. టీచరు గారి మేనకోడల్ని అడిగి ఆవిడ సంతకి పట్టుకెళ్ళే గుడ్డసంచీ తీసుకెళ్ళాను. నరసమ్మ గంప వెనక కూచుని ఎవరికో పండుగప్పలు తూస్తోంది. నా వంతు వచ్చింది. సంచీ తెరిచి పట్టుకున్నాను. "నరసమ్మా" అన్నాను. చేప తూచింది, సంచీలో వేసింది. తల ఎత్తలేదు. వెనకావిడ "కాస్త జరగమ్మా" అనేదాకా, ఆ సంచీ అలాగే తెరిచి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.